నొగ తిరిగిన వైపు

బర్మాలో, నది ఒడ్డునున్న అహ్లోన్‌లో పాత బియ్యపు మిల్లు వెనక సందులో కాపురమున్నవాళ్లు తెల్లవారి తలుపు తీయగానే మొదట చూసేది ఆకాశాన్ని కాదు, బర్నబా ఇంటి గేటు పక్కన నిలబడి ఉండే ట్రైలరును. ముందుకు పొడుచుకొచ్చిన దాని ఇనుప నొగ ఎటు తిరిగి ఉందో చూసుకుని, తమ ఇంటివైపు లేదని నిశ్చయమయ్యాకే పళ్లు తోముకోవడానికి పోయేవారు. సందు మొగలో చేపల పులుసు సేమ్యా, అదే మోహింగా, అమ్మే బర్మా ఆవిడ కూడా నెత్తిమీది కుండ దించేముందు అటొక చూపు వేసేది. నొగ ఎవరింటివైపు తిరిగితే ఆ ఇంటివాళ్లు పనులు మానుకుని, దూరాన ఉన్న బిడ్డలకు కబురు పంపి, ఇంట్లో జబ్బుపడ్డవాళ్ల పక్కన కూర్చునేవారు. అందులో ఎవరికీ వింత కనిపించలేదు. మబ్బు పట్టినప్పుడు ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోవడం వింత కాదు కదా.

ఆ ట్రైలరు తెలుగు బాప్టిస్టు సంఘంవాళ్ల శవపేటికలను సమాధుల తోటకు మోసేది. బర్నబా తండ్రి ఇన్సేన్ రైలు కార్ఖానాలో పనిచేసే కాలంలో, విరిగిన పెట్టెల ఇనుముతో దాన్ని తన చేతులతో అతికాడు. ఆయన పోయాక బర్నబా దాన్ని లాగే జీపు నడిపాడు. శవం ఇంటి ముందుకు వెళ్లి, పేటికను ఎక్కించుకుని, దించి వచ్చాక నొగ మళ్లీ గేటుకు తిన్నగా నిలిచేది.

సైన్యం రాజ్యాన్ని చేతుల్లోకి తీసుకున్న ఏడాది వానాకాలంలో నొగకు తీరిక లేకపోయింది. ఎండాకాలమంతా వీధుల్లో జనం నడిచారు, పొద్దుగూకగానే గిన్నెలూ మూతలూ మోగించారు, తుపాకులకు ఎదురు నిలిచారు. తరువాత వీధులు ఖాళీ అయ్యాయి. ఫోన్లు ఒకనాడు పలికేవి, మరునాడు మూగబోయేవి. విమానాలు ఆగిపోయాయి. ఆ మౌనంలోకి ఊపిరాడని జబ్బు వచ్చి పడింది. నొగ ఒక వాకిలి నుంచి ఇంకో వాకిలికి తిరుగుతూనే ఉంది. సరిగ్గా అప్పుడే బర్నబా జీపు ఇంజను బిగుసుకుపోయింది.

పెద్ద బండి ఒకటి కొనాలని ఇంట్లో అనుకున్నది సంఘం కోసమని సందులో అందరికీ తెలుసు. బర్నబా భార్య నవోమికి మాత్రం అసలు కారణం వేరే ఉంది. ఆమె కూతురు టీనా నర్సు. ఎండాకాలంలో ఉద్యోగం వదిలేసి, వీధుల్లో గాయపడ్డవాళ్లకు కట్లు కట్టింది. ఒక సాయంత్రం టీవీలో పట్టుకోవలసినవాళ్ల ముఖాల మధ్య ఆమె ముఖం కూడా కనిపించింది. ఆనాటి నుంచి నవోమికి అన్నం మెతుకు సహించడం లేదు. శవాన్ని లాగే బండిని సైనికులు ఎక్కువసేపు ఆపరు. ఇంటిల్లిపాదీ ఎక్కగల బండి ఉంటే, ఏదో ఒక అంతిమయాత్రలో ఏడ్చేవాళ్ల మధ్య కూతుర్ని కూర్చోబెట్టి నది దాటించాలన్నది ఆమె ఆలోచన. నది అవతల సమాధుల తోట వెనక కాలువ ఉంది. ఆ కాలువలో ఊరు దాటించే పడవలు తిరుగుతాయి.

బండ్లు చూపించినవాడు లింగరాజు. పాత జపాను బండ్లు కొని అమ్మే దళారి, బర్నబాకు చిన్ననాటి స్నేహితుడు. దేశం వదిలి పోయేవాళ్లు అమ్ముకున్న బండ్లతో అతని ఆవరణ నిండిపోయి ఉంది. బేరానికి వచ్చేవాళ్లు మాత్రం లేరు.

మొదటి బండి తెల్లగా, పెళ్లికొడుకులా మెరిసిపోతూ వచ్చింది. బర్నబా గొంగళి పరిచి కిందికి దూరి చూసి, పెదవి విరుస్తూ బయటికొచ్చాడు.

"దీనికి కింద చాసీయే నేదురా లింగా. ఉత్త డొల్ల. పెట్రోలు ఇంజను. మనుషుల్ని తిప్పుతాది గానీ బరువు లాగదు."

"ఎక్కించి సూడకుండానే సంబందం ఒద్దంటావేటి బావా?" అన్నాడు లింగరాజు.

ఎక్కించి చూశారు. ట్రైలరులో బస్తాలు వేసి మిల్లు దగ్గరి ఎత్తు ఎక్కేసరికి గేరుబాక్సు నుంచి మాడిన నూనె వాసన వచ్చింది. రెండో బండికి చాసీ ఉంది గాని, జపానులో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు దాన్ని అడుగునుంచి తినేసింది. బర్నబా సుత్తితో తట్టితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. రెండు బండ్లనూ ఒక్కో రాత్రి గేటు దగ్గర ఉంచారు. రెండు ఉదయాలూ నొగ వాటిని పట్టించుకోలేదు. ఎదురింటి వైపొకసారి, ఆ పక్కింటి వైపొకసారి తిరిగి ఉంది.

"మీ పెళ్లికూతురు తల ఎత్తడం నేదు సెల్లెమ్మా," అన్నాడు లింగరాజు నవోమితో, నొగను చూపిస్తూ. "ఇంక నా దగ్గర ఒక్కడే పెళ్లికొడుకున్నాడు. రంగు తక్కువ, గుణం గట్టిది."

మూడో బండి బూడిదరంగుది. ఎత్తయినది, డీజిలు ఇంజను, మందపాటి చాసీ, మూడు వరుసల సీట్లు. ఇదివరకటి యజమాని దానితో పడవ లాగించేవాడు కాబోలు, వెనక హుక్కు కూడా బిగించి ఉంది. బర్నబా ఇంజను నూనె వేళ్లమధ్య రాసి చూశాడు, చల్లటి ఇంజను ఒక్క తిప్పుకు పలకడం విన్నాడు, చక్రాలు నాలుగూ ఒకే తీరుగా అరిగి ఉండటం గమనించాడు. కిందికి దూరిన మనిషి చాలాసేపటిదాకా బయటికి రాలేదు. వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది.

స్టీరింగు మాత్రం, అక్కడి బండ్లన్నిటికీ ఉన్నట్టే, కుడివైపు ఉంది. ఆ దేశంలో బండ్లు నడిచేదీ రోడ్డుకు కుడివైపే కాబట్టి, ముందుపోయే లారీని దాటాలంటే నడిపేవాడికి ఎదురు వచ్చేది కనపడదు. ఎడమసీట్లో కూర్చున్నవాళ్లు తొంగిచూసి చెప్పాలి.

"ఈ దేశంలో మొగోడొక్కడే బండి నడపలేడు," అన్నాడు లింగరాజు. "స్టీరింగు ఆడిది, కళ్లు పెళ్లానివి. అందుకే నాను పెళ్లి సేసుకోనేదు, సైకిలు కొనుక్కున్నాను."

ఆ మాటకు టీనా కిటికీ చాటునుంచి పకపకా నవ్వింది. నవోమి ఉలిక్కిపడి తలుపు మూసింది. ఆ నవ్వు సందులోకి వినిపించకూడదు.

ఆ రోజుల్లో సైనికులు రాత్రిపూట ఇళ్ల తలుపులు తట్టి, ఎవరెవరు పడుకున్నారో లెక్క చూసేవారు. అందుకని పరీక్షకు తెచ్చిన ఆ బండిలోనే, మూడో వరుస సీటు మడిచి, దుప్పటి కప్పుకుని టీనా పడుకుంది.

"ఏసీ హోటలమ్మా. బయిటినించి లాక్ చేసేయ్," అంది తల్లితో, ఇంగ్లీషు మాటలూ తెలుగు మాటలూ కలిపి.

తెల్లవారేసరికి నొగ సందులోని ఇళ్లన్నిటినీ విడిచి, గేటు లోపల ఉన్న బండివైపు తిరిగి ఉంది.

సందంతా వచ్చి చూసింది. లింగరాజు రెండు చేతులూ జోడించాడు. "అదిగో, తల ఎత్తింది! మెచ్చింది బావా!" అన్నాడు. బర్నబా తండ్రిని తలచుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఇంట్లో పెద్దదిక్కయిన ఎస్తరమ్మ, అంటే బర్నబా తల్లి, వాకిట్లో పీట మీద కూర్చుని తనకిష్టమైన కథ మళ్లీ మొదలుపెట్టింది.

"జీపు ఒచ్చిన నాడూ ఇంతేనర్రా. తెల్లారి లెగిసి సూద్దుము గదా, నొగ జీపు ఎంక తిరిగిపోయుంది. మీ తాత ఎంత మురిసిపోనాడో! ట్రైలరుకి ఈడూ జోడూ కుదిరినాదని పాయసం పంచినాడు."

ఆ కథ అక్కడే ఆగేది. ఎప్పుడూ అక్కడే ఆగేది. పిల్లలు పాయసం మాట దగ్గర నవ్వేవారు, పెద్దవాళ్లు లేచి పనుల్లోకి పోయేవారు. మరునాడు కూడా నొగ బండినే చూస్తూ నిలబడింది. బర్నబా బేరం ఖాయం చేశాడు. చక్రాలు మార్చి, హుక్కు గట్టిపరచి తెస్తానని లింగరాజు బండిని తన ఆవరణకు తోలుకుపోయాడు.

ఆ రాత్రి టీనా ఇంట్లో, నాయనమ్మ మంచం వెనక, బియ్యపు డబ్బాల చాటున పడుకుంది.

పొద్దున నవోమి నీళ్ల బిందెతో గేటు దాకా వచ్చి ఆగిపోయింది. నొగ తమ ఇంటి తలుపుకు ఎదురుగా ఉంది.

బర్నబా చూసి, లోపలికి వెళ్లి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఎస్తరమ్మకు ఎనభై దాటాయి. ఆమె కంగారు పడలేదు. "నా తెల్లచీర గంజి పెట్టించవే నవోమీ. అంచు నలగనివ్వకు. మీ మావ నలిగిన చీరలో సూత్తే ఊరుకోడు," అంది. టీనా వచ్చి నాయనమ్మ మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. ముసలామె మనవరాలి వీపు నిమురుతూ, ఉన్నట్టుండి నిమరడం ఆపేసింది.

"రాత్రి నువ్వేడ పడుకున్నావే గుంటా?"

"ఇక్కడే, నీ మంచం ఎనకాల."

"మొన్న? అటు మొన్న?"

"బండిలో."

ఎస్తరమ్మ కోడలివైపు తలెత్తింది. నవోమి చేతిలో బిందె అలాగే ఉంది. దించడం మరిచిపోయింది.

"అత్తా," అంది నవోమి. "జీపు ఒచ్చిన నాడు... మావయ్య ఏడ పడుకున్నాడు?"

ముసలామె కళ్లు గేటు వైపు మళ్లాయి. తను వందసార్లు చెప్పిన కథ తన ఎదుటే నిలబడి, మొదటిసారిగా మిగతా సగం చెప్పమంటున్నట్టుంది.

"జీపులోనే. కొత్త బండి మోజు. ఇంట్లోకి రమ్మంటే రానేదు." ఆమె మనవరాలిని దగ్గరికి లాక్కుంది. "ఆ వారం దాటనేదు మీ మావ. జొరం తగిలింది, పోనాడు. అది జీపుని సూడ్నేదే తల్లీ. జీపులో పడుకున్న మనిసిని సూసింది."

బర్నబా లేచి గేటు దగ్గరికి వెళ్లాడు. తన తండ్రి అతికిన ఇనుమును రెండు చేతులా పట్టుకుని, బలంకొద్దీ పక్కకు తోశాడు. లారీని కదిలించగల భుజాలతనివి. నొగ వెంట్రుకవాసి కూడా జరగలేదు.

"అలాగ తిరగదురా," అంది ఎస్తరమ్మ లోపలినుంచి. "ఎప్పుడైనా తిరిగినాదా? మోసినాకే తిరుగుతాది."

నవోమి బిందె దించింది. వచ్చే నాలుగు రోజుల్లో తన కూతుర్ని తీసుకుపోయేది జబ్బు కావచ్చు, తూటా కావచ్చు, తలుపు తట్టే చెయ్యి కావచ్చు. ఏదైనా ట్రైలరుకు ఒకటే. అది మోసుకుపోవడానికి సిద్ధంగా నిలబడి ఉంది. అంతే. అది పుట్టినప్పటినుంచి అక్కడి మనుషులు దాన్ని చూసి సిద్ధపడ్డారే తప్ప, దాన్ని ఏమీ అడగలేదు.

"మోసినాక తిరుగుతాది గదత్తా," అంది. "మోసినప్పుడు పెట్లో మనిసికి ఊపిరుందో నేదో దానికి తెలుసా?"

ఎస్తరమ్మ కోడలి ఉద్దేశం పసిగట్టింది.

"ఊపిరి సంగతి దానికి తెలీదు. పేరు తెలుసు," అంది. "గేటుకాడ పేరు పిలిసి అప్పగిస్తాం. ఆ పేరు అది తీసుకుంటాది. అప్పగించినాక ఎనక్కి అడక్కూడదు."

సంఘంలో ఆచారం అది. పేటిక మూసేముందు ఇంటి పెద్ద గేటు దగ్గర నిలబడి పోయినవాళ్లను పేరుపెట్టి ముమ్మారు పిలవాలి. జవాబు రాకపోతే మూత బిగిస్తారు. ఆ తరువాత ఆ మనిషిని ఆ పేరుతో ఎవరూ పిలవరు. పిలిస్తే నొగ మళ్లీ వెనక్కి చూస్తుందంటారు. అందుకే ఆ సందులో తాతలకూ అవ్వలకూ పేర్లుండవు. జీపు కొన్నాయన, మిల్లుకాడి ముసలమ్మ, ఇలాగే చెప్పుకుంటారు.

"ఆలోసించుకో," అంది ఎస్తరమ్మ. "బతికున్న గుంటకి పేరు నేకుండా పోతాది. నువ్వు కన్నదానివి."

"బతికుంటాది గదా," అంది నవోమి.

లింగరాజు బండి తెచ్చాడు. సంగతి విన్నాక అతను ఒక్క హాస్యం కూడా ఆడలేదు. తనే హుక్కుకు నొగ తగిలించి, గొలుసు వేసి, రెండుసార్లు లాగి చూశాడు. వడ్రంగి చేసిన పేటికకు తలవైపు సన్నటి రంధ్రాలు పెట్టారు. టీనా తెల్లబట్టలు కట్టుకుని వచ్చి, పెట్టెను చూసి, తల్లివైపు తిరిగింది.

"అమ్మా, నాకు బయమేస్తంది."

"నాకూను," అంది నవోమి. కూతురి జడ విప్పి మళ్లీ అల్లింది. అల్లినంతసేపూ, ఇక పిలవకూడని ఆ పేరును ఆమె చెవిలో పిలుస్తూనే ఉంది. ఎన్నిసార్లు పిలిచిందో ఆమెకే తెలియదు. జడ చివర రిబ్బను ముడి పడ్డాక మానేసింది.

సందువాళ్లు గొడుగులు పట్టుకుని గోడల వెంట నిలబడ్డారు. నొగ చూసినవాళ్లు ముసలామె కోసం వచ్చారు. పెట్టెలో ఉన్నది మనవరాలని తెలిసి ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఎస్తరమ్మ కర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడి పిలిచింది.

"టీనా!"

వాన పడుతోంది.

"టీనా!"

పెట్టెలో ఏదో కదిలినట్టయింది. పసితనం నుంచీ ఆ గొంతు పిలిస్తే పలికిన పిల్ల అది.

"టీనా!"

జవాబు రాలేదు. బర్నబా మూత బిగించాడు.

బండి నిజంగానే మంచి బండి. తడిసిన రోడ్డు మీద, వంతెన ఎత్తులో, బరువైన ట్రైలరును వెనక్కి జారనివ్వకుండా గట్టి గొంతుతో లాగింది. ఎడమసీట్లో నవోమి తొంగి చూస్తూ, "ఆగండి, లారీ వస్తంది... ఇప్పుడు ఎల్లండి," అని చెబుతూ ఉంది. వంతెన మీద ఇసుక బస్తాల దగ్గర సైనికులు చెయ్యెత్తారు.

"ఏ జబ్బు?" అని బర్మాలో అడిగాడు ఒకడు, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని.

"ఊపిరందలేదు," అన్నాడు బర్నబా.

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. రెండోవాడు వేయలేదు. కిటికీ దగ్గరికి వచ్చి నవోమిని చూశాడు. "పేరేమిటి పోయినావిడది?"

నవోమి నోరు తెరిచింది. చెబితే టీవీలో చూసిన ముఖం వాడికి గుర్తుకొస్తుంది. అబద్ధపు పేరు చెబితే వెనక ఉన్న ట్రైలరు వింటుంది; అప్పగించిన పేరుతో అది కలవదు.

"మావాళ్లు పోయినవాళ్ల పేరు ఎత్తరు," అంది. అది నిజమే కాబట్టి గొంతు తొణకలేదు.

వాడు ఆమెను కాసేపు చూసి, ట్రైలరు దగ్గరికి నడిచాడు. తుపాకి మడమతో పేటికను కొట్టాడు. కొట్టి, చెవి ఒగ్గి నిలబడ్డాడు. మళ్లీ కొట్టాడు. బర్నబా అద్దంలోనుంచి చూస్తున్నాడు. నవోమి చూడలేదు. ముందున్న రోడ్డు మీదనే చూపు నిలిపి, అద్దం మీది వైపర్లు అటూ ఇటూ తిరగడాన్ని చూస్తూ కూర్చుంది. పెట్టెలోనుంచి దగ్గు రాలేదు, ఊపిరి రాలేదు. నిజంగానే ట్రైలరు తీసేసుకుందేమోనన్న అనుమానం ఆమె గుండెలో కత్తిలా దిగింది.

"పో," అన్నాడు వాడు.

సమాధుల తోటలో మూత తీశారు. పెట్టెలో పిల్ల కళ్లు మూసుకుని, పెదవి కొరికి పట్టుకుని ఉంది. పెదవి మీద నెత్తురు. తరువాత కళ్లు తెరిచింది. తండ్రి ఎత్తి కూర్చోబెట్టాడు. ఆ పేటికలో బండిలో తెచ్చిన ఊక బస్తాలు వేసి, మూత బిగించి, గోతిలో దించి, ప్రార్థన చేసి, మన్ను కప్పారు. ప్రార్థన పూర్తిగానే చేశారు. ఒక్క వాక్యం కూడా వదలలేదు.

బండి వెనక్కి మళ్లించడానికి బర్నబా హుక్కు విప్పాడు. తడి గడ్డి మీద నొగ తనంతట తాను కదిలింది. పిల్లను దాటుకుని, గోతిని దాటుకుని, నెమ్మదిగా నది అవతల తమ ఊరివైపు తిరిగి ఆగింది. అక్కడ ఎవరి ఇల్లో. బర్నబా తల దించుకుని, కళ్లు మూసుకుని ప్రార్థించాడు.

పిల్ల చేతిసంచి భుజాన వేసుకుంది. తల్లినీ తండ్రినీ ముట్టుకోలేదు. మట్టిలో కలిసినవాళ్లు ఎవరినీ ముట్టుకోరని నాయనమ్మ చెప్పి పంపింది. వానలో సమాధుల మధ్యగా నడిచి వెళ్లింది. తోట చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమది కాలువకు, పడవ దగ్గరికి. కుడిది పెద్దరోడ్డుకు, అక్కడ కాపున్న సైనిక లారీ దగ్గరికి. కళ్లనిండా నీళ్లున్న పిల్ల కుడివైపు అడుగు వేసింది.

నవోమి పరుగెత్తింది. బురద కాళ్లను పట్టేసింది. ఇరవై ఏళ్లుగా నాలుక చివరనే ఉన్న పేరు నోటి దాకా వచ్చింది. వెనక నొగ ఉంది, వింటూ. ఆమె దాన్ని పళ్ల మధ్య పట్టి ఆపింది.

"ఓ గుంటా!" అని అరిచింది, దారిన పోయే ఎవరో పిల్లను పిలిచినట్టు. "ఎవరమ్మాయివో గానీ, అటు కాదు. కాలవ ఇటుంది."

పిల్ల ఆగింది. వెనక్కి తిరిగి, తెలియని ఊళ్లో దారి చెప్పిన మనిషికి తలవంచినట్టు తలవంచింది.

"సరే, ఆంటీ," అంది.

ఎడమ దారి పట్టింది.